కాగితాలు లేని మనిషీ, మన కథకుడూ

మా అనకాపల్లిలో నెలకొకసారి పదిహేను ఇరవైమందిమి ఒకచోట కూర్చుని ఒకరి రచనలొకరం వింటూ ఉంటాం. ఆ మధ్య ఒక సమావేశంలో ఒక యువ కథకుడు తన కొత్త కథ చదివాడు. అది ఇంకా అచ్చుకాలేదు గనుక అతని పేరూ, కథ పేరూ చెప్పను. చోడవరం ప్రాంతపు చెరకు రైతు ఎకరంన్నర భూమి తాకట్టుపెట్టి కొడుకును అమెరికా పంపిస్తాడు. చదువు అయిపోతుంది. ఉద్యోగ వీసాకు తీసే లాటరీలో కుర్రవాడి పేరు రాదు. గడువు దగ్గరపడుతుంది. ఒక ఏజెంటు అతన్ని ఏదో యూనివర్సిటీలో చేర్పిస్తాడు. అది ఉత్తుత్తి యూనివర్సిటీ. ఒక తెల్లవారుజామున పోలీసులు తలుపు కొడతారు. కుర్రవాడు వట్టి చేతులతో ఇంటికి తిరిగొస్తాడు. చివరి వాక్యంలో తండ్రి, తనది కాకుండా పోయిన పొలం గట్టుమీద కూర్చుని ఉంటాడు.

కథ ముగిసేసరికి కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు కోర్టు గుమాస్తాగా పనిచేసి రిటైరయిన పెద్దాయన ఒకరు లేచి, "బాబూ, అది పాఠాలు చెప్పని కాలేజీ అని ఆ కుర్రాడికి తెలీదా?" అని అడిగారు. "తెలీదండీ, అతను అమాయకుడు" అన్నాడు కథకుడు. "ఫీజు కడతాడు, క్లాసుకెళ్ళడు, అయినా తెలీదు!" అన్నారాయన. అందరం ఆయనమీద విరుచుకుపడ్డాం. చట్టం కొమ్ము కాస్తున్నారన్నాం. జన్మంతా కోర్టులో గడిపినవాళ్ళకు ఫైళ్ళే తప్ప మనుషులు కనపడరని కూడా అన్నాం. ఆ చివరి మాట అన్నది నేనే. రాత్రి ఇంటికి నడిచిపోతూంటే మాత్రం, ఆ సాయంత్రం జరిగిన మొత్తం చర్చలో సాహిత్య విమర్శ అనదగింది ఆయన ప్రశ్న ఒక్కటే అనిపించింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను బాకీపడిన జవాబు.

కథకు మూలమైన సంఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' అనే పేరుతో ఒక సంస్థను 2015లో సాక్షాత్తూ ఆ దేశపు హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖవాళ్ళే సృష్టించారు. చిహ్నం ఉంది, వెబ్‌సైటు ఉంది, ప్రభుత్వ గుర్తింపు జాబితాలో పేరుంది. ఒక్క అధ్యాపకుడు లేడు, ఒక్క తరగతి లేదు. చేరిన సుమారు 600 మందిలో అత్యధికులు భారతీయులు; అందులో మనవాళ్ళు చాలామంది. 2019 జనవరిలో వల లాగారు. విద్యార్థుల్ని చేర్పించిన ఎనిమిదిమంది మీద నేరారోపణ జరిగింది, వందమందికి పైగా విద్యార్థులు నిర్బంధంలోకి పోయారు. అది చదువు కాదని విద్యార్థులకు తెలుసునన్నది ప్రభుత్వ వాదన. సర్కారే గుర్తింపు ఇచ్చిన బడిని నమ్మడం మా తప్పా అన్నది విద్యార్థుల వాదన. కట్టిన ఫీజు కోసం వేసిన దావాను విచారించక తప్పదని 2024లో అక్కడి అప్పీలు కోర్టు ఒకటి తేల్చింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 2011లో, కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ బయటపడింది. అక్కడ దొంగ ఒక ప్రైవేటు వ్యక్తి. నడిపినామెకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. ఇక్కడ వలవేసింది పోలీసు. వల ఎవరిదైనా, చేపలు మాత్రం మన జిల్లాలవి.

నేను చదువు చెప్పిన పిల్లల్లో ఒకడు ఇలాంటి వ్యవహారంలోనే చిక్కుకుని తిరిగొచ్చాడు. వాణ్ణి సూటిగా అడిగాను. "తెలుసు మాస్టారూ. తెలిసే చేరాను. వడ్డీకి తెలీదు కదా నా వీసా అయిపోయిందని" అన్నాడు. ఈ ఒక్క వాక్యంలో ఉన్న కథ, మా యువ మిత్రుడి పన్నెండు పేజీల్లో లేదు.

పాత్రకు తెలుసునన్న సంగతిని అతనెందుకు దాచాడు? తెలుసని తేలితే పాఠకుడి సానుభూతి వెనక్కు పోతుందని భయం. మధ్యతరగతి పాఠకుడు కష్టపడేవాణ్ణి చూసి జాలిపడతాడు గాని, వాడు నిర్దోషి అయి ఉండాలని పట్టుపడతాడు. కథకుడు ఆ షరతును ఒప్పుకుని, అమాయకత్వాన్ని పూచీకత్తుగా పెట్టి సానుభూతిని అప్పు తెచ్చుకుంటున్నాడు. అలా తెచ్చుకున్న సానుభూతి, నిజం బయటపడ్డ మరుక్షణం తిరిగి కట్టెయ్యాల్సి వస్తుంది.

మన పక్కనున్న విశాఖపట్నంలో వకీలుగా ఉంటూ రాసిన రావిశాస్త్రిగారు ఆ అప్పు ఎన్నడూ చెయ్యలేదు. 'ఆరు సారా కథలు' మళ్ళీ చదవండి. అందులో మనుషులు చట్టం తప్పుతున్నామని తెలిసే తప్పుతారు. 'మాయ'లో ముత్యాలమ్మకు పోలీసుల గురించీ కోర్టు గురించీ యువ వకీలుకన్న ఎక్కువ తెలుసు. ఆమె నిర్దోషి అని నిరూపించాలని రచయిత తాపత్రయపడడు. ఆమెను బోనులో అలాగే నిలబెట్టి, పక్కనే చట్టాన్ని కూడా నిలబెట్టి, ఇద్దరినీ చూడమంటాడు. కారా మాస్టారి 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు పత్రాల లెక్కన నిజమైన అప్పే. పత్రాలు దొంగవని చెప్పి ఉంటే అది ఒక మోసకారి షావుకారు కథగా మిగిలిపోయేది. లెక్క సరిగానే ఉండి కూడా అన్యాయం ఎలా జరుగుతుందో చూపించాడు గనుకనే అది 'యజ్ఞం' అయింది. కళింగాంధ్ర కథకు ఇంత గట్టి పునాది ఉండగా, వలస దగ్గరికి వచ్చేసరికి మన చెయ్యి ఎందుకు వణుకుతోంది?

ఒక కారణం మాటలో ఉంది. తెలుగు పంతుల్ని గనుక మాటలు పట్టుకు వేళ్ళాడే జబ్బు నాకుంది, క్షమించాలి. పోరంబోకు స్థలంలో మేడ కట్టినవాణ్ణి మనం అక్రమ మనిషి అనం. మేడను అక్రమ కట్టడం అంటాం. లంచం తిన్న ఉద్యోగిని అక్రమ ఉద్యోగి అనం, ఆర్జన అక్రమం. గడువు దాటి పరాయిదేశంలో ఉండిపోయినవాడి విషయంలో మాత్రం విశేషణం చేసిన పనిని వదిలి మనిషికి అంటుకుంటుంది. 'అక్రమ వలసదారు' అంటాం. 2003లో చేసిన సవరణతో మన పౌరసత్వ చట్టంలోకి కూడా ఈ మనిషి నిర్వచనంతో సహా ప్రవేశించాడు. పత్రికలు ఇంకో అడుగు వేసి 'చొరబాటుదారు' అన్నాయి. 1942లో బర్మానుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళను మనవాళ్ళు ఏమన్నారు? కాందిశీకులన్నారు. 'ఏ దిక్కుకు పోను' అనే ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. వాడి ప్రశ్నను వాడికి పేరుగా పెట్టిన భాష మనది. ఇవాళ మన ప్రశ్నను వాడికి పేరుగా పెడుతున్నాం.

బర్మా ప్రసక్తి ఊరికే తేలేదు. ఉత్తరాంధ్రవాడికి ఈ చర్చ అమెరికా నుంచి దిగుమతి కాలేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లలో రంగూన్ వెళ్ళిన కూలీల మనవలమూ మునిమనవలమూ మనం. రంగూన్‌ను 'రంగం' అనేవారు మన పల్లెల్లో. అక్కడివాళ్ళు మన కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్ళందరినీ కోరంగీలన్నారు. 1931 జనగణన నాటికి రంగూన్ నగరంలో నాలుగు లక్షల జనాభా ఉంటే అందులో సగానికి పైగా భారతీయులు. వాళ్ళలో ఒక్కడికీ వీసా లేదు, అక్కర్లేదు. 1937 ఏప్రిల్ 1న విడగొట్టేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. చట్టం దృష్టిలో విశాఖ నుంచి రంగం వెళ్ళినా, మద్రాసు వెళ్ళినా ఒకటే.

మా నాయనమ్మకు మామగారు రంగూన్ డాక్‌లో మేస్త్రీ. ఆయన గురించి మా ఇంట్లో రెండు కథలు చెప్పేవారు. ఒకటి, ఆయన పంపిన టేకు మందసం. రెండోది, బాంబులు పడ్డాక ఆయన అడవుల్లోంచి నడిచి, సగం మనిషై ఇంటికి రావడం. ఎమ్మే చదివే రోజుల్లో ఈ రెండో కథ నేనే ఎన్నోసార్లు మిత్రులకు గర్వంగా చెప్పాను. మూడో కథ పుస్తకాల్లో దొరికింది. 1933లో ఆండ్రూ అనే అధికారి రంగూన్‌లోని భారతీయ కూలీల మీద ఒక పుస్తకం రాశాడు. మేస్త్రీ అంటే ఏమిటో అందులో ఉంది. ఊళ్ళో కూలీకి ప్రయాణం ఖర్చు బదులిచ్చేవాడు మేస్త్రీ. ఆ బాకీతో కూలీని కట్టిపడేసేవాడు మేస్త్రీ. ఓడ సరుకు కంట్రాక్టరు ఇచ్చిన కూలిలో తన వాటా మినహాయించుకుని మిగిలింది పంచేవాడు మేస్త్రీ. అంటే, మా యువ కథకుడి కథలోని ఏజెంటే మా ముత్తాత. మా ఇంటి మందసం ఏ డబ్బుతో వచ్చిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

1930 మే నెలలో రంగూన్ డాక్ కూలీలు, అంటే ప్రధానంగా తెలుగువాళ్ళు, కూలి పెంచమని సమ్మె కట్టారు. మన అభ్యుదయ సాహిత్యం గర్వంగా చెప్పుకోదగ్గ సమ్మె. కంట్రాక్టర్లు ఏం చేశారు? బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. కొన్నాళ్ళకు సమ్మె రాజీ అయింది. మే 26 ఉదయం ఆ బర్మా కూలీలు మామూలుగా పనికి వచ్చేసరికి, మీతో ఇంక పనిలేదు పొమ్మన్నారు. మాటా మాటా పెరిగింది. చేతికి దొరికిన ఇనుపముక్కలూ కర్రలూ లేచాయి. కొద్దిరోజుల్లో నగరంలో వందకు పైగా మనుషులు చచ్చారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది కోరంగీ కూలీలు.

ఆ ఉదయం పనికని వచ్చి వెనక్కు మళ్ళిన బర్మా కూలీని తలుచుకోండి. వాడు కూడా ఆకలిగొన్నవాడే. వాడి భూములు పోతున్నాయి. 1930లు ముగిసేసరికి దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల పొలాల్లో దాదాపు నాలుగోవంతు చెట్టియార్ల చేతికి వెళ్ళింది. పొలం వదిలి పట్నం వస్తే పట్నంలో రేవు పరాయివాడి చేతిలో ఉంది. వడ్డీవ్యాపారం చేసే చెట్టియారునూ, వీపు మీద బియ్యంబస్తా మోసే కోరంగీనీ వాడు ఒకే మాటతో తిట్టాడు: 'కళా'. తిట్టు తప్పు. కాని పని పోయిందన్నది అబద్ధమా? మా ఇంటి కథల్లో ఈ మనిషి లేడు. మన కథల్లో కూడా లేడు. 'వలసవాడు మా కూడు లాక్కుంటున్నాడు' అనే వాదం వినపడగానే మనం దాన్ని జాతిద్వేషం అని కొట్టిపారేసి పేజీ తిప్పేస్తాం. అది చాలాసార్లు జాతిద్వేషమే. కాని కంట్రాక్టరు ఒక ఆకలితో ఇంకో ఆకలిని కొట్టిన చోట, రెండో ఆకలి మాట వినకుండా మొదటిదాన్ని మాత్రమే పాడితే అది వర్గదృష్టి ఎట్లా అవుతుంది? అచ్యుతాపురం, పరవాడ కంపెనీల్లో ఒడిశా, బీహారు కుర్రవాళ్ళను తక్కువ కూలికి పెట్టుకుంటే మన ఊరి నిరుద్యోగి వాళ్ళను తిడతాడు, కంపెనీని తిట్టడు. వాళ్ళకు రాజ్యాంగం 19వ అధికరణం అండ ఉంది గనుక మనం నోరు కొంచెం అదుపులో పెట్టుకుంటున్నాం, అంతే.

ఇక చట్టం సంగతి. మా ముత్తాత తరం ఎక్కడికీ కదలకుండానే చట్టం వాళ్ళ మీదుగా నడిచిపోయింది. 1939లో వేసిన బాక్స్టర్ విచారణ, భారతీయ కూలీ బర్మావాడి పొట్టకొట్టాడనడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. చెబుతూనే పర్మిట్ల దారి చూపించింది. 1941లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఆ డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. నాలుగైదు లక్షలమంది ఇండియా దారి పట్టారు. కొండదారుల్లో కూడా తెల్లవాళ్ళకొక బాట, నల్లవాళ్ళకొక బాట. యుద్ధం అయ్యాక, వదిలేసిన గుడిసెనూ పనినీ వెతుక్కుంటూ తిరిగివెళ్దామనుకున్నవాడికి 1947 నాటి బర్మా వలస చట్టం ఎదురైంది. అదే మనిషి, అదే రేవు, అదే పని. పదేళ్ళ కిందట ప్రయాణికుడు, ఇప్పుడు నేరస్థుడు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు జాతీయమయ్యాయి, 1964 మే నెలలో యాభై, వంద చ్యాట్ నోట్లు చెల్లకుండా పోయాయి. తరాల తరబడి అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు విశాఖ, మద్రాసు రేవుల్లో ఓడలు దిగారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఆ సంగతి చెబుతూనే ఉంది.

గల్ఫులో ఇదే తంతు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. కఫీల్ చేతిలో పాస్‌పోర్టు ఉంటుంది. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, వాడి ఇంటి గడప దాటిన క్షణాన కువైట్‌లోని మన కడప, కోనసీమ ఆడపడుచు చట్టవిరుద్ధురాలు. తెలంగాణ పల్లెల్లో ఇలాంటివాళ్ళకు 'ఖల్లివల్లి' అని పేరే ఉంది. 2018లో కువైట్, ఎమిరేట్స్ రెండూ క్షమాభిక్ష ప్రకటించాయి. ఎవరు ఎవరిని క్షమించాలో అడిగిన కథ నా కంటబడలేదు.

అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆపితే నేను కూడా మా యువ మిత్రుడు చేసిన పనే చేసినట్టు. ఇప్పటిదాకా చెప్పిన బాధితులందరూ మనవాళ్ళే. ఏ బర్మాలో మా ముత్తాతను 'కళా' అన్నారో, ఆ బర్మాలోనే 1982 పౌరసత్వ చట్టం రోహింగ్యాలకు దేశం లేకుండా చేసింది. వాళ్ళనూ ఆ మాటతోనే తిట్టారు, బెంగాలు నుంచి దొంగతనంగా వచ్చినవాళ్ళన్నారు. 2017లో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. అంతకు ముందూ ఆ తర్వాతా కొన్నివేల మంది మన హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో చేరి చెత్త ఏరుకుంటూ, కూలిపని చేసుకుంటూ బతుకుతున్నారు. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడిక మీద సంతకం చెయ్యలేదు. కాబట్టి వాళ్ళు మన చట్టం ముందు శరణార్థులు కారు, కేవలం కాగితాలు లేని విదేశీయులు.

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను సంకెళ్ళతో తెచ్చి అమృత్‌సర్‌లో దింపినప్పుడు మా స్టాఫ్‌రూము అంతా ఉడికిపోయింది. మనుషులా పశువులా అన్నారు. ఆ వారంలోనే మాటల్లో బాలాపూర్ ప్రస్తావన వస్తే, "తరిమెయ్యాలండీ" అన్నవి ఆ నోళ్ళే. నేను గట్టిగా ఏమీ అనలేదు. బెల్లు కొట్టేశారని లేచిపోయాను. ఆ మౌనానికి సంజాయిషీ ఏమీ లేదు.

న్యాయస్థానాలు కూడా ఒకే గొంతుతో మాట్లాడలేదు. 1996లో అరుణాచల్ చక్మాల కేసులో, ప్రాణరక్షణ ఇచ్చే 21వ అధికరణం పౌరులకే పరిమితం కాదని సుప్రీంకోర్టు అంది. 2005లో సర్బానంద సోనోవాల్ కేసులో అదే కోర్టు అస్సాంలోకి వలసను బాహ్యదురాక్రమణతో పోల్చింది. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల విషయంలో, పద్ధతి ప్రకారం అయితే పంపించవచ్చునంది. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దేశానికి తలుపు ఉండకూడదని నేననను. 1930 నాటి బర్మా కూలీని తలుచుకున్నవాడు అలా అనలేడు. సరిహద్దులు లేని ప్రపంచం గురించి కవిత రాయడం సులువు, రేవులో ఎవరికి పని ఇవ్వాలో చెప్పడం కష్టం. కాని తలుపు తెరిచి పిలిచి, పని చేయించుకుని, ఆ తర్వాత నువ్విక్కడ ఎప్పుడూ లేవనడం తలుపు వెయ్యడం కాదు, కూలి ఎగవెయ్యడం. శిక్ష పడేటప్పుడు కాగితం లేనివాడొక్కడే బోనెక్కుతాడు. తక్కువ కూలికి పెట్టుకున్నవాడు ఎక్కడు. మన కథకులు ఈ రెండోవాణ్ణి ఒక్కసారైనా బోనెక్కించాలని నా మనవి.

అందుకే వలస కథ ఏది చదివినా ఈమధ్య ఒక మొరటు పరీక్ష పెడుతున్నాను. చోడవరం కుర్రవాడి పేరు తీసేసి బాలాపూర్ కుర్రవాడి పేరు పెట్టి చదువుతున్నాను. కథ అప్పుడూ నిలబడితే అందులో మానవత్వం ఉన్నట్టు. కూలిపోతే, మనం కన్నీరు కార్చింది మనిషి కోసమా, మన కులం, మన జిల్లా, మన ఎకరంన్నర కోసమా అని అనుమానించక తప్పదు. మా ముత్తాత నడిచొచ్చిన కథను ఈ పరీక్షకు పెట్టాను. నేను చెబుతూ వచ్చిన రూపంలో అది నిలబడలేదు.

యువ మిత్రుడు పట్టు వదిలే రకం కాదు. రెండు నెలల తర్వాత కథ తిరగరాసి తెచ్చాడు. ఇప్పుడు కుర్రవాడికి అంతా తెలుసు. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు ఒక రాత్రంతా వడ్డీ లెక్క వేస్తాడు. ఆ పేజీ చాలా బాగా వచ్చింది. వాడు దొంగకార్డుతో పనిచేసిన పెట్రోలుబంకు యజమాని కూడా కథలోకి వచ్చాడు. అతనూ తెలుగువాడే, తక్కువ జీతం ఇచ్చి తెలుగులోనే ఆప్యాయంగా మాట్లాడతాడు. ఈసారి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు కూడా.

కోర్టు గుమాస్తాగారు మళ్ళీ లేచారు. "బావుంది బాబూ. ఆ బంకులో ఈ కుర్రాడికంటే ముందు పన్జేసినోడు ఒకడుండాలి కదా. మెక్సికోవాడో, నల్లవాడో. ఈడొచ్చాక ఆడేమైపోనాడు?"

కథకుడు జవాబు చెప్పలేదు. కాగితాలు వెనక్కి తిప్పి పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. మూడో ప్రతి కోసం ఎదురుచూస్తున్నాం.